మడతకాజా ఒక పిట్టకథ

తూకం మిషను అబద్ధమాడదంటారు. ఆడుతుందండీ! ఆ మధ్య సంక్రాంతికి కపిలేశ్వరపురంలో మా ఇంటి వసారాలో మిషనెక్కితే రాత్రికి రాత్రి కిలోన్నర పెరిగావంది. ఒక్క రాత్రిలో కిలోన్నర కొవ్వు పెరగడం మన సినిమాల్లో కూడా జరగదు. మరి సంగతేమిటి? చెప్పాలంటే కథ కాస్త వెనక్కి వెళ్లాలి. ఫ్లాష్‌బ్యాకన్నమాట!

ఏ పత్రికకీ కట్టుబడని సినిమా విలేకరి బతుకు ఎలాంటిదో తెలుసా? నెలజీతం ఉండదు గానీ టిఫిన్లకి లోటుండదు. ప్రెస్‌మీట్‌లో పకోడీలు, పాటల వేడుకలో బిర్యానీ, షూటింగ్‌లో ప్రొడక్షన్ వారి భోజనం. పదేళ్లు తిరిగేసరికి నాకన్నా ముందు నా పొట్ట స్టూడియో గేటు దాటడం మొదలెట్టింది. ఓ రోజు ఓ హీరోగారు (పేరెందుకులెండి) "ఏం గురూగారూ, కమెడియన్ వేషాలకి ప్రయత్నిస్తున్నారా?" అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను. గదికి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు. మర్నాటి నుంచి అన్నం మానేసి కీటో పట్టాను.

కీటో అంటే మన తెలుగువాళ్లకి కొత్తగా చెప్పాలా? 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచినేని రామకృష్ణగారి సభలకి జనం తండోపతండాలుగా వెళ్లిన రోజులు గుర్తున్నాయిగా! కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్ర... ఏ పెళ్లికి వెళ్లినా పంతిలో సగం మంది విస్తట్లో అన్నం లేదు. ప్రాణం లేచొచ్చిందన్నవాళ్లున్నారు. ఇది ప్రమాదమని అభ్యంతరం చెప్పిన డాక్టర్లూ ఉన్నారు. నేను మాత్రం ఎవరి పద్ధతీ పూర్తిగా పాటించలేదు. నలుగురి దగ్గరా నాలుగు ముక్కలు ఏరుకుని సొంతంగా కథ అల్లుకున్నాను. మన రచయితలు కొందరు అల్లుతారు చూడండి, అలాగ!

అసలు కిటుకు ఇదీ. శరీరం మామూలుగా అన్నం, పంచదారల మీద నడుస్తుంది. రోజు మొత్తానికి పిండిపదార్థం 50 గ్రాముల లోపు, కొందరికైతే 20 గ్రాముల లోపు ఉంచితే, కొద్ది రోజుల్లో కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేసి వాటితో బండి నడిపిస్తుంది. దాన్నే కీటోసిస్ అంటారు. కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే ఒక్క కప్పుతోనే రోజు కోటా గోవిందా!

మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. రాజమండ్రిలో రైలు దిగి, మండపేట మీదుగా ఊరు చేరేసరికి నా సంచీలో మూడే విలువైన వస్తువులు: కొబ్బరినూనె సీసా, తూకం మిషను, కీటోన్లు చూసుకునే కాగితపు పట్టీల డబ్బా. మూత్రంలో ముంచితే ఆ పట్టీ వంకాయరంగుకి తిరగాలి. రోజూ పొద్దున్నే ఆ రంగు చూడందే నాకు తెల్లవారేది కాదు.

మా మావయ్య సీసా చూసి, "ఒరేయ్, తలకి రాసుకునే నూనె తాగుతావేంట్రా! అంబాజీపేట అంతా నీ కడుపులో పోసుకుంటావా?" అన్నాడు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. నా నడుం చుట్టూ వదులైన బెల్టు కేసి మురిపెంగా చూసింది. ఆ చూపు అర్థం నాకప్పుడు తెలియలేదు.

భోగి గడిచింది. సంక్రాంతి గడిచింది. విశ్వామిత్రుడిలా కూర్చున్నాను. కనుమ నాడు మేనక వచ్చింది... తాపేశ్వరం మడతకాజా రూపంలో! పొరుగూరి కాజా. చిన్నప్పుడు పరీక్ష పాసైతే దొరికే బహుమానం. వెనకాలే ఏరు దాటొచ్చిన ఆత్రేయపురం పూతరేకులు. మినుము తినాల్సిన రోజంటూ అత్తయ్య వేసిన గారెలు. "ఒక్కటే" అని మొదలెట్టాను. ఎన్నింటి దగ్గర ఆగానో అడక్కండి.

మర్నాడు పొద్దున్న పట్టీ ముంచితే రంగు లేదు. తెల్లమొహం వేసింది. మిషనెక్కితే కిలోన్నర పెరిగానంది. మూడు నెలల తపస్సు గోదాట్లో కలిసిపోయిందని గుండె గుభేలుమంది. ఇక మొదలైంది నా వేట. కాజా తిన్నా కీటోసిస్‌లోంచి జారిపోకుండా ఉండే ఉపాయం ఏదీ? ఫోన్‌లో దొరికినవన్నీ చేశాను. రెండు చెంచాల బదులు ఆరు చెంచాల నూనె తాగాను. పూట భోజనం మానేశాను. గౌతమి ఏటిగట్టు మీద చెప్పులరిగేలా నడిచాను.

ఆ తర్వాత తెలిసిందేమిటంటే, వాటిలో నడకా, పస్తూ కొంత నిజం. నూనె మాత్రం కనికట్టు. తిన్న పంచదారలో కొంత కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. రెండూ కలిపి సుమారు 400, 500 గ్రాములు పట్టే గాదె అది. ప్రతి గ్రాముతోనూ దాదాపు మూడు గ్రాముల నీరు చేరుతుంది. నాకు రాత్రికి రాత్రి పెరిగిన కిలోన్నరలో ఎక్కువ భాగం ఆ నీరే! కీటో మొదలెట్టిన మొదటి వారంలో జర్రున దిగిన బరువులో కూడా చాలామటుకు ఈ నీరే. అప్పుడు చంకలు గుద్దుకున్నవాణ్ని ఇప్పుడు ఏడవడం న్యాయమా?

నడిస్తే కండరాల గాదె కొంత ఖాళీ అవుతుంది. రాత్రంతా తినకుండా ఉంటే కాలేయం గాదె తగ్గుతుంది. ఇన్సులిన్ దిగాక కీటోన్ల తయారీ మళ్లీ మొదలవుతుంది. ఒక పూట తప్పితే చాలామందికి ఒకటి రెండు రోజులు, పండగంతా తింటే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మనిషిని బట్టీ మారుతుంది. పోతే, కొబ్బరినూనెలో కొంత భాగం కాలేయంలో త్వరగా కీటోన్లుగా మారే మాట నిజమే. కానీ అది తాగిన నూనె కరగడం, నా పొట్ట కరగడం కాదు. ఆ పట్టీ సంగతీ అంతే. ఎక్కువ నీళ్లు తాగితే రంగు పలచబడుతుంది. శరీరం అలవాటు పడ్డకొద్దీ కూడా రంగు తగ్గవచ్చు. రంగు చూసి కొవ్వు లెక్క కట్టడం, పోస్టరు చూసి కలెక్షన్లు చెప్పడం లాంటిది!

అన్నట్టు, కీటోసిస్ చెదరకూడదన్న మాట నిజంగా ప్రాణం మీదికి వచ్చే వాళ్లున్నారు. ఈ ఆహారం పుట్టింది పొట్టలు తగ్గడానికి కాదు. 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగుల కోసం సూచించాడు. తర్వాత మూర్ఛకి మంచి మందులొచ్చి ఇది మరుగున పడింది. దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినవాడు ఎవరో తెలుసా? మన సినిమావాడే! 'ఎయిర్‌ప్లేన్' తీసిన ముగ్గురు హాస్య దర్శకుల్లో ఒకడైన జిమ్ అబ్రహామ్స్. ఆయన కొడుకు చార్లీకి మందులకి లొంగని మూర్ఛ ఉండేది, ఈ ఆహారంతో తగ్గింది. ఆ తండ్రి 1997లో మెరిల్ స్ట్రీప్‌తో 'ఫస్ట్ డూ నో హార్మ్' అనే టీవీ సినిమా తీశాడు. ముందు హాని చెయ్యకు అని ఆ పేరుకి అర్థం. అలాంటి పిల్లల విషయంలో తినే ప్రతి గ్రామూ డాక్టరు, ఆహార నిపుణులు తూచి పెడతారు. పొరపాటున పంచదార నోట్లో పడితే మళ్లీ మూర్ఛ రావచ్చు. వాళ్లకది ప్రాణసమస్య. నాకు? బెల్టు సమస్య!

ఇప్పుడు క్లైమాక్సు చెప్పాలి. చెప్పడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రోజే మధ్యాహ్నం ఏటిగట్టు మీంచి వచ్చేసరికి అమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. పక్కింట్లోంచి అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. "పొద్దున్న సుగరు మాత్ర వేసుకుంది బాబూ, ఇడ్లీ ముట్టలేదు. వారం నుంచీ అన్నం కూడా తినడం లేదు, నీకు చెప్పొద్దంది" అంటూ గ్లాసులో పంచదార కలిపేస్తోంది.

నేనేం చేశానో తెలుసా? అత్తయ్య చెయ్యి పట్టుకుని "పంచదార వద్దత్తయ్యా, కీటో పోతుంది" అన్నాను.

"నీ కీటో తగలెయ్య! ముందు మనిషి బతకాలిరా!" అని నన్ను ఒక్క తోపు తోసి, అమ్మ చేత గుక్క గుక్కగా తాగించింది. మావయ్య తన మిషనుతో వేలు గుచ్చి చూస్తే 52. 70 కంటే దిగితేనే ప్రమాదమంటారు. పదిహేను నిమిషాలకి అమ్మ కళ్లు తేటపడ్డాయి. "తిన్నావా?" అంది నన్ను చూసి. ఆ ఒక్క మాటకి నేను గోడవైపు తిరిగిపోయాను.

మండపేటలో డాక్టరుగారు సాయంత్రం దాకా కదలనివ్వలేదు. అమ్మ వేసుకునేది క్లోమం చేత ఇన్సులిన్ స్రవింపజేసే మాత్ర. తిండి పడకపోయినా అది తన పని మానదు. ఒకసారి చక్కెర ఎక్కినా మళ్లీ దిగవచ్చు, అందుకని కనిపెట్టి చూడాలన్నారు. అన్నం తగ్గించదలిస్తే ముందు మాత్ర సంగతి డాక్టరుతో తేల్చుకోవాలి. సొంతంగా మాత్ర మానెయ్యడమూ తప్పే అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. చక్కెరని మూత్రంలోకి పంపే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవాళ్లు ఈ ఆహారం జోలికి పోతే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదముంది. అప్పుడు సుగరు మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు కూడా. ఆ మాత్రల గురించి అమెరికా మందుల శాఖ 2015లోనే హెచ్చరించింది.

అమ్మ ఎందుకలా చేసింది? నేను ఫోన్‌లో ప్రతిరాత్రీ కొట్టిన గొప్పలు విని. "నువ్వు తగ్గావుగా నాన్నా, నాకూ సుగరు తగ్గుతుందనుకున్నా" అంది. కొడుకు చెబితే అమ్మకి డాక్టరు చెప్పినట్టే!

ఆ రాత్రి అరుగు మీద మావయ్య, నేను కూర్చున్నాం. మా ఊళ్లో 1973 నుంచీ సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. ఆడపిల్లలు గజ్జెకట్టి, చిడతలు పట్టి హరికథ నేర్చుకునే చోటు. మావయ్యకి ఏ ఉపమానమైనా అక్కణ్నుంచే వస్తుంది. "ఏరా, భాగవతారిణి మధ్యలో పిట్టకథ చెబుతుంది. అందాకా కథ పోయినట్టేనా? నవ్వించి, మళ్లీ సీతమ్మ దగ్గరికి వచ్చేస్తుంది. పిట్టకథలో కూడా సీతమ్మ కనబడాలని నువ్వు పట్టుబడితే ఎలాగ? కాజా తిన్నావ్, బాగుంది. రేపు మళ్లీ నీ కథలోకి రా. అంతేగానీ ఆ కాగితమ్ముక్క ముందు పూజలెందుకు?" అన్నాడు.

అదీ సంగతి పాఠక మహాశయులారా! పండగ నాడు తప్పితే కీటోసిస్ పోతుంది. ఆపే మంత్రం లేదు, ఆపాల్సిన అవసరం నాలాంటివాడికి అసలే లేదు. మర్నాడు మామూలు తిండికి వస్తే అదే తిరిగొస్తుంది. మీ ఇంట్లో సుగరు మాత్ర వేసుకునేవాళ్లుంటే మాత్రం మీ బరువు గొప్పలు వాళ్ల ముందు కాస్త తగ్గించి చెప్పండి.

పట్టీల డబ్బా ఊళ్లోనే పారేసి వచ్చాను. సంచీలో ఆ చోటు ఖాళీగా ఉండకూడదని అత్తయ్య కాజాల పొట్లం పెట్టింది. అమ్మ దాని పక్కనే ఒక చీటీ ఉంచింది. "రోజుకొకటి" అని ఉంది.