ఫిర్యాదు రాయకపోతే పిల్ల లెక్కలోకే రాదు

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో, మళ్లీ 2001లో దేవరకొండ తండాల ఆడ పసికందుల్ని దళారులు కొని, దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న దందా బయటపడింది. పేద తల్లిని తిట్టడం అందరికీ తేలికే. కొన్నవాడిని పట్టుకోవడమే కష్టం.

ఇప్పుడు ఎర మారింది: పని, పెళ్లి, అడ్వాన్సు. 2019లో చట్టం సవరించి మనుషుల అక్రమ రవాణా కేసుల్ని ఎన్‌ఐఏ కూడా దర్యాప్తు చేసేలా చేశారు. మంచిదే. కానీ తండాలో, గూడెంలో కేసే నమోదు కాకపోతే ఢిల్లీ సంస్థ ఎవర్ని వెతుకుతది? మనోళ్లు పిల్ల ఫోన్ కోసం నెలలు ఎదురు చూస్తరు, స్టేషన్‌కు పోవాలంటే భయం. పోతే "ఎవరితోనో పోయుంటది" అంటరు.

ఆ మాట చెల్లదు. పిల్లలు తప్పిపోతే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ చేయించొచ్చు. 1098కి ఫోన్ కొట్టొచ్చు.

మన ఇండ్లల్లో కాలేజీ చూసిన మొదటి తరం మనమే, అర్జీ రాయొచ్చేది కూడా మనకే. సెలవులకు పోయినప్పుడు ఎవరు, ఎక్కడికి, ఎవరి వెంట పనికి పోతున్నరో ఇంటోళ్లతోనే రాయించి పెడదాం. ఫోన్ ఆగిన రోజే ఫిర్యాదు రాసి, స్టేషన్ దాకా వాళ్ల వెంట నడుద్దాం.

— అడిక్‌మెట్ హాస్టల్ విద్యార్థులం