ముసురునాళ్ళ చేతిపని



కార్తికమున పట్టిన ముసురు మార్గశిరమున గాని వీడదు. అది వీడినదని సంతసించులోపలనే పుష్యమాసపు చలి గుమ్మమున నిలుచును. మన తెలుగునాట మంచు కురిసి నేల తెల్లబడు ఊళ్ళు లేవు. ఐనను చలి యనునది ఉష్ణమాపకమును బట్టి కాక, దేహపు అలవాటును బట్టి తెలియునది. వేసవిలో 40 డిగ్రీలకు మించిన యెండను సహించువారికి, రాత్రివేళ 20 డిగ్రీలకు దిగినప్పుడే వెన్నులో వణుకు పుట్టును. దానికి తడిగాలి తోడైనచో చెప్పనక్కరలేదు. ఈ మాసము మేము చెప్పదలచినది, అట్టి దినములలో తలుపు మూసుకొని యుండవలసిన ఇల్లాలు తన ఇంటిని వెచ్చగాను, తన మనస్సును చురుకుగాను ఉంచుకొను విధమును గూర్చి.

ఇందుకు నెల్లూరు జిల్లా పడమటి సీమను, అనగా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములను ఉదాహరణముగా గైకొందము. తెలుగుదేశములో పెక్కు చోట్ల వాన జూను మొదలు సెప్టెంబరు వరకు కురియును. నెల్లూరు జిల్లాకు మాత్రము ఏటి వానలో సగమునకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, ఈశాన్యపు గాలులతో వచ్చును. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టెనన్న వార్త వినబడగానే ఇచ్చటి ఇల్లాండ్రు వంటచెరకును, వడియముల డబ్బాలను లోపలికి చేర్చుకొందురు. 3,000 అడుగుల యెత్తున్న ఉదయగిరి దుర్గము శ్రీకృష్ణదేవరాయలంతటివానిని 1513 మొదలు 1514 వరకు క్రింద నిలువరించినది. ముసురు పట్టినప్పుడు ఆ దుర్గశిఖరమే కానరాదు. ఆత్మకూరునకు సమీపమున పెన్నపై సోమశిల జలాశయము కలదు. 2021 నవంబరు వానలకు ఆ పెన్న పొంగి జిల్లాలో ఎన్ని ఊళ్ళను కలత పెట్టినదో మన సోదరీమణులు మరచియుండరు. కాబట్టి ఇచ్చట చలికాల మనగా దినముల తరబడి గడప దాటలేని కాలమని యర్థము.

మొదట ఇంటి వెచ్చదనమును గూర్చి రెండు మాటలు. చలి యని కిటికీలన్నియు బిగించుట మంచిది కాదు. గాలి కొట్టు దిక్కున మూసి, దానికి ఎదుటి దిక్కున కొంచెము తెరచి యుంచవలయును. తడిబట్టలను పడకగదిలో ఆరవేసినచో ఆ తేమ యంతయు గోడలకును, పసిపిల్లల రొమ్ములకును పట్టును. వాటిని వసారాలోనో, వంటయింటి చూరు క్రిందనో వేయుట మేలు. నేల మీద పరుండువారు పైన రెండు దుప్పట్లు కప్పుకొని, క్రింద ఒక్క చాప మాత్రమే వేసికొందురు. దేహపు వేడిమిని నేల కూడ లాగుకొనును గనుక, ఆ రెంటిలో నొకటి క్రింద పరచుకొన్నచో చలి తగ్గును.

కుంపటిని గూర్చి మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. బాలింతరాలి గదిలోను, వృద్ధుల మంచము ప్రక్కను బొగ్గుల కుంపటి నుంచి తలుపులు మూయు అలవాటు పల్లెలలో నేటికిని కొన్ని యిండ్లలో కలదు. మండు బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారిని మేలుకొలుపకయే ప్రాణము తీయును. కుంపటితో గదిని కాచుకొనదలచినచో తలుపు తెరచి కాచి, నిద్రకు ముందు దానిని బయట పెట్టి రావలయును. ఈ యొక్క మాట యందు మొగమాటము పనికిరాదు. అత్తగారు చెప్పినను, మంత్రసాని చెప్పినను వినవలదు.

ఆహారము విషయమున మెట్టసీమ ఇల్లాలికి ఎవరును నేర్పనక్కరలేదు. ఉలవలను రాత్రి నానవేసి, ఉదయమున మెత్తగా ఉడికించి, ఆ కట్టుతో చారును, మిగిలిన గింజలతో గుగ్గిళ్ళును చేసినచో ఒక్క పొయ్యితో రెండు పదార్థములు సిద్ధమగును. వేడి సజ్జరొట్టె, మిరియపు చారు, సాయంకాలమున శొంఠి కాఫీ, పిల్లలకు నువ్వుల యుండలు — ఇవి కలిగిన యింట ముసురు అంతగా బాధింపదు.

ఇక చేతిపని. ముసురునాళ్ళకు తగిన పనులలో బొంతకుట్టు వంటిది వేరొకటి లేదని మా యభిప్రాయము. పాత నూలుచీరలు ఎన్ని ఉతుకులకు అంత మెత్తనగును. అట్టి చీరలే ఇందుకు శ్రేష్ఠము. అయిదున్నర మీటర్ల చీరను నడుమకు మడచినచో ఒక మనిషి పొడవునకు, వెడల్పునకు సరిపోవును. మూడు చీరలను అట్లు మడచి పేర్చినచో ఆరు పొరలు వచ్చును. బాగుగా ఉతికి ఎండిన చీరలను నేలపై పరచి, ముడుతలు లేకుండ చేతితో నిమిరి, నాలుగు మూలలను బరువు లుంచవలయును. మొదట నడుమనుండి అంచులవైపునకు పెద్ద పెద్ద విడి కుట్లు వేయవలయును. అంచులనుండి మొదలిడినచో ముడుతలన్నియు నడుమ చేరి ఉబ్బును. పిదప అంచులు లోపలికి మడచి, వ్రేలెడు ఎడముతో వరుసలుగా సాదా కుట్టు వేసికొని పోవలయును. పొరల నడుమ నిలిచిన గాలియే దేహపు వేడిమిని వెలికి పోనీయదు. కాబట్టియే ఒక దళసరి గుడ్డకంటె పలుచని గుడ్డలు పెక్కు వెచ్చగా నుండును.

బంగాళదేశపు స్త్రీలు ఇట్టి పాతచీరల బొంతలనే కాంథా యందురు. చీర అంచులనుండి దారపు పోగులను లాగి, ఆ దారముతోనే పూవులను, పక్షులను, తమ యింటి ముచ్చటలను వారు కుట్టుచు వచ్చిరి. నేడది దేశ దేశములలో కళగా మన్నన పొందుచున్నది. మన బొంతకు మాత్రమేమి తక్కువ? పెండ్లినాటి చీర అంచు ఒక ప్రక్కను, పెద్దమ్మాయి పరికిణీ గుడ్డ మరొక ప్రక్కను కలిసినప్పుడు అది ఒక కుటుంబచరిత్ర యగును. మన ఆడపడుచులనేకులు నేడు అమెరికా, కెనడాలలో నిజముగానే మంచు కురియు ఊళ్ళలో కాపురముండిరి. అచ్చట కొనదగిన కంబళ్ళకు కొదువ లేదు; కాని తల్లి చీర వాసనగల బొంత అచ్చటి అంగళ్ళలో దొరకదు.

కుట్టుపని నచ్చనివారికి ముగ్గు కలదు. ధనుర్మాసమున వాకిట తడి యారక ముగ్గు నిలువనప్పుడు, ఒక నోటు పుస్తకమున చుక్కలు పెట్టి దినమున కొకటి చొప్పున గీయవచ్చును. మాసము ముగిసి సంక్రాంతి వచ్చునప్పటికి ముప్పది ముగ్గులు చేతికి వచ్చియుండును. పిల్లలను సెల్‌ఫోను ముందునుండి లేవదీయుటకు చింతగింజలు, వామనగుంటల పీట చాలును. లెక్కయు వచ్చును, ఓర్పును అలవడును. అమ్మమ్మ పొడుపుకథలు చెప్పుచుండ, ఆ కథలను వ్రాసిపెట్టు పనిని బడికి పోవు పిల్లకు అప్పగింపుడు. ఆమెతో అవి అంతరింపకుండును.

ఇంటిలో కూర్చుండి చేయు పని ఉబుసుపోకకు మాత్రమే యని తలచువారికి ఉదయగిరి మంచి సమాధానము చెప్పుచున్నది. అచ్చటి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు నేడు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులు. అనగా ఆ పేరును మరొక యూరివారు తమ సరకునకు పెట్టుకొనరాదు. సమీపపు దుర్గంపల్లి కొండలనుండి వచ్చు నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి, దేవదారి వంటి కర్రలు వీనికి ముడిసరకు. ఈ దేవదారి హిమాలయములలోని దేవదారు వృక్షము కాదు; మన మెట్ట అడవులలో పెరుగు చిన్న చెట్టు. కర్రను రంపముతో కోసి, ఉలితో మలచి, ఆకురాయితో రాచి, గరుకు కాగితముతో నున్న చేయుదురు. ఈ పనిలో స్త్రీలు పెక్కురు కలరు. చిన్న చెంచా కాడపై లత చెక్కు చేతికి ఎంత ఓర్పు కావలయునో సూది పట్టిన ప్రతి స్త్రీయు ఎరుగును.

చెక్క గరిటె పూత గిన్నెలను గీయదు. కాడ చేతికి కాలదు. పులుసులో పెట్టినను చిలుము పట్టదు. వాడిన పిదప నీట నానవేయక, కడిగి, గాలికి ఆరనిచ్చి, అప్పుడప్పుడు కొబ్బరినూనె పలుచగా రాయుట మంచిది. మన వంటయింట అట్టి గరిటె నొకదానిని చేర్చునప్పుడు బేరమాడుటకు ముందు, దాని వెనుకనున్న చేతిని తలచుకొనవలయునని మా మనవి. ముసురునాళ్ళు మనకు విశ్రాంతి కావచ్చును. దినకూలి మీద బ్రతుకు ఇంటికి అవి పస్తులు. పచ్చి కర్ర ఆరక చెక్కినచో పగులును గనుక చెక్కపనివారికిని ఎండ కావలయును. మీరు కుట్టు బొంతలలో నొకటి, మీ పొలమున నాట్లు వేసిన ఆమె ఇంటికి చేరినచో ఈ చలికాలము సార్థకమగును.

ఇంతవరకు చదివిన సోదరి యొకతె, “ఇన్ని పనులకు నాకు తీరిక యెక్కడిది?” అని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. మేము దానిని దాటిపోము. చలికాలమున ఇంటిపని తగ్గదు, పెరుగును. మాటిమాటికి వేడినీళ్ళు, ఆరని బట్టలు, పిల్లల జలుబులు, వృద్ధుల దగ్గులు — అన్నియు ఒక్కరి మీదనే పడును. 2019లో కేంద్రప్రభుత్వము దేశమంతటను కాలవినియోగమును లెక్కించినప్పుడు, ఇంటిపని చేయు స్త్రీ దినమునకు 299 నిమిషములు ఆ పనికే వెచ్చించుచున్నదనియు, అదే పని చేయు పురుషుడు 97 నిమిషములతో సరిపెట్టుకొనుచున్నాడనియు తేలినది. జీతము లేని అయిదు గంటల చాకిరి మీద, చేతిపని పేరుతో ఆరవ గంటను మోపుట మా యుద్దేశము కాదు.

కాబట్టి మొదట కుట్టవలసినది బొంత కాదు. సాయంకాలపు గంట యొకటి కుదుర్చుకొనవలయును. దీపము వెలుగు బాగుగా పడు చోట ఒక చాప, ఒక పెట్టె, అందులో సూది దారములు — ఈ చోటు ఇల్లాలిదని ఇంటివారందరికిని తెలియవలయును. ఆ గంటలో కాఫీ కాచుట మగవారి వంతు. పడకలు పరచుట పిల్లల వంతు. ఇది గృహకలహమునకు దారి తీయునని భయపడనక్కరలేదు. వారము దినములు నిలుకడగా సాగినచో అదియే ఆచారమగును. మన యిండ్లలో ఆచారమునకున్న బలము వాదమునకు లేదు. కోడలు ఆ చాపమీద కూర్చున్నప్పుడు అత్తగారు ప్రక్కన కూర్చుండి దారము ఎక్కించి యిచ్చినచో, చలియే కాదు, ఇంటిలోని మరికొన్ని బిగువులు కూడ సడలును.

బొంతకుట్టులో మీ మీ సీమల పద్ధతులు వేరుగా నుండవచ్చును. వాటిని వ్రాసి పంపు సోదరీమణుల లేఖలను ఈ శీర్షికలో సంతోషముతో ప్రకటింతుము. ఇక, కుట్టి ముగించిన మొదటి బొంత ఎవరికని అడుగుదురేమో. పెనిమిటికిని, పిల్లలకును, పుట్టింటికిని తరువాత కుట్టవచ్చును. మొదటిది కుట్టినవారే కప్పుకొనవలయును.