ఉత్తరాల పెట్టెకు త్రికాల సంధ్య

ముమ్మిడివరంలో భగవాన్ శ్రీ బాలయోగీశ్వరులు 1946లో తపస్సునకు ఉపక్రమించి, 1985లో దేహత్యాగం చేయువరకు మౌనదీక్షలోనే ఉన్నారు. వారి దర్శనం సంవత్సరానికి ఒక్క మహాశివరాత్రి పర్వదినాన మాత్రమే లభించేది. ఆనాడు గోదావరి పాయలు దాటి జనం ప్రవాహంలా తరలివచ్చేవారు. తక్కిన దినాలలో ద్వారం మూసి ఉండుటను అనాదరమని భక్తులు భావించలేదు.

అదే కోనసీమలో నేడు ఈ-మెయిల్ పెట్టెకు తలుపే లేదు. సంధ్యావందనం ముగియకముందే ఫోను మోగును. చేయి అటే పోవును. ఇంద్రియం విషయాన్ని వెదకుట పాత కథ. విషయమే గంట కొట్టి ఇంద్రియాన్ని పిలుచుట ఈ కాలపు విశేషం. కనుక ఆ గంటను ఆపివేయుటయే ప్రథమ కర్తవ్యం.

శాస్త్రం కర్మను నిత్యం, నైమిత్తికం, కామ్యం, నిషిద్ధం అని విభజించినది. ఉత్తరాలకూ ఈ విభాగం చక్కగా సరిపోవును. ఉద్యోగధర్మానికి చెందినవి నిత్యాలు. వివాహాహ్వానం, ఆబ్దిక తిథి వంటివి నైమిత్తికాలు. పెట్టెను నింపునవి మాత్రం కామ్యాలే. రాయితీలు, పండుగ బేరాలు, ఎప్పుడో ఒకసారి కొన్న వస్తువును జ్ఞాపకం చేయు ప్రకటనలు. వీటిని దినదినం తుడిచివేయుట కొమ్మలు నరకుట వంటిది. 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కుట వేరు పెకలించుట. అయితే నిషిద్ధాల విషయంలో, అనగా బ్యాంకు పేరిట వచ్చు కపట లేఖలలో, ఆ మీటను కూడా తాకరాదు. తాకినచో ఈ చిరునామా సజీవమని మోసగానికి తెలియును.

2004లో జీమెయిల్ అవతరించినప్పుడు ఒక గిగాబైట్ స్థలమిచ్చి, ఇక ఏదీ తొలగించనవసరం లేదన్నది. అపరిగ్రహానికి ఇంతకంటె విరుద్ధమైన ఉపదేశం ఉండదు. తెరచి, చదివి, నిశ్చయించక విడిచిన ఉత్తరం మనస్సు చేసిన సంకల్పవికల్పమే; బుద్ధి ఇంకా ఉదయించలేదు. తెరచినవెంటనే ప్రత్యుత్తరమో, విసర్జనమో, దినం నిర్ణయించి దాచుటయో జరుగవలెను. "అన్నింటినీ సాక్షిగా చూచుచున్నాము" అనువారు కొందరున్నారు. బద్ధకానికి వేదాంతపు శాలువా కప్పరాదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పాల్గొన్న 124 మంది ఒక వారం యథేచ్ఛగా, మరొక వారం దినానికి మూడుసార్లు మాత్రమే ఉత్తరాలు చూశారు. మూడుసార్లు చూసిన వారంలో వారి మానసిక ఒత్తిడి తగ్గినది. త్రికాల సంధ్య ఎరిగినవారికి ఈ సంఖ్య ఆశ్చర్యం కలిగించదు.

దీనిని కేవలం కాలం పొదుపు అనుకొనరాదు. అమెరికాలోని కుమారుడు తండ్రి తిథినాడు అర్చన కోరి గోత్రనామాలు పంపును, ఆ లేఖ నూరు ప్రకటనల అడుగున పడును, తిథి గడచిపోవును. గడచిన తిథిని ఏ ప్రత్యుత్తరమూ తిరిగి తేలేదు. ఆలయ కార్యాలయాలు 'గోత్రం', 'అర్చన' వంటి పదాలున్న లేఖలను ఫిల్టర్ ద్వారా ప్రత్యేకమైన అరలోకి మళ్లించుకొనవచ్చును. పంపువారికీ ధర్మమున్నది: విషయపంక్తిలో "నమస్కారం" అని విడువక తిథి, గోత్రం, నామం స్పష్టంగా వ్రాయవలెను. అమెరికాలో పగలు వ్రాసినవి ఇక్కడ రాత్రివేళ చేరును గనుక, ప్రాతఃకాలార్చనకు సంకల్పం చెప్పక మునుపే ఆ అర ఒక్కటి తెరచి చూచిన చాలును. తక్కిన పెట్టె మధ్యాహ్నం వరకు ఆగగలదు.