కువైట్ నుంచి బెళుగుప్పకు ఓ పాలబిళ్ల

అనంతపురం జిల్లా బెళుగుప్ప నుంచి ఓ పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ల వదిన కొన్నేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చారట. అదే ఇంట్లో మొరాకో వంటావిడ, ఫిలిప్పీన్స్ అమ్మాయి కూడా పనిచేసేవారు. వంటావిడ దగ్గర కోడిమాంసం, బాదంపప్పు పెట్టి కాల్చే పొరల రొట్టె నేర్చుకున్నారు. ఆ అమ్మాయి దగ్గర పాలబిళ్లలు నేర్చుకున్నారు. విచిత్రమేంటంటే రెండింటి పేరూ దాదాపు ఒకటే... ఒకరు ‘బస్తీలా’ అంటే, ఇంకొకరు ‘పస్తిల్యాస్’ అనేవారట!

‘మాకు రెండు ఎనుములున్నాయి. చెనిక్కాయ పంట చేతికి రాని ఏడు పాలే మాకు ఆధారం. ఇవి చేసి కళ్యాణదుర్గంలో అమ్ముదామనుకుంటున్నాం. ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి?’ అని అడిగారు.

ఇది సరదాకి అడిగింది కాదు. వానకోసం మొగులు చూసే ఊళ్లో ఓ క్యాను పాలు పాడైతే ఆ రోజు సంపాదన పోయినట్టే. అందుకే ఈవారం ఆ రెండు వంటల సంగతే.

ముందు పేరు. స్పానిష్‌లో ‘పస్తీయా’ అంటే బిళ్ల. మందుబిళ్లనీ అలాగే అంటారు. స్పెయిన్ వాళ్లు ఫిలిప్పీన్స్‌ను 1565 నుంచి 1898 దాకా ఏలారు కాబట్టి పాలబిళ్లకు ఆ పేరు అంటుకుంది. మొరాకోకు స్పెయిన్ సముద్రం అవతలి ఒడ్డే. అరబ్బీలో ‘ప’ లేదు కనుక అక్కడ అది ‘బ’ అయింది. స్పెయిన్ సంబంధం అనంతపురం వాళ్లకు మాత్రం కొత్తా? ఆర్డీటీ స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కణ్నుంచి వచ్చినవారే కదా!

ఇక పాలబిళ్లలు. మనీలాకు ఉత్తరాన బులకాన్ రాష్ట్రంలోని శాన్‌మిగెల్ వీటికి పెట్టింది పేరు. మనకు కడప - రాయచోటి దారిలో గువ్వలచెరువు కోవా ఎలాగో వాళ్లకిది అలాగ. అసలైన పస్తిల్యాస్‌కు వాడేది కరబావ్ అనే అక్కడి ఎనుము పాలే. ఆ ఎనుము ఇచ్చేది తక్కువ, కానీ పాలు మహా చిక్కన. పట్నాల్లో చాలామంది పాలపొడి, డబ్బాపాలు కలిపి పొయ్యి వెలిగించకుండానే చుట్టేస్తారు. ఇంట్లో పాడి ఉన్నవాళ్లకు ఆ తిప్పలెందుకు?

లీటరు ఎనుము పాలకు 150 గ్రాముల చక్కెర చాలు. పాలు పితికిన వెంటనే పొయ్యిమీద పెట్టాలి. ఎండాకాలం రెండు మూడు గంటలు ఆగితే పులుపెక్కి, కాగేటప్పుడు విరుగుతాయి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో కలుపుతూనే ఉండాలి. పాలు మూడోవంతుకు దిగాక చక్కెర వేయాలి. ముద్ద గిన్నెను వదిలి గరిటెతోపాటు తిరిగేటప్పుడు దించేయాలి. వాసనకు నిమ్మతొక్కను సన్నగా గీరి వేస్తారు. తొక్క మాత్రమే సుమా, రసం చుక్క పడినా పాలు విరుగుతాయి. చల్లారాక చిటికెనవేలంత పొడవున చుట్టి, చక్కెరలో దొర్లించి, కాగితంలో చుట్టడమే.

ఎనుము పాలలో నూటికి 80 వంతులకు పైగా నీళ్లే. లీటరు కాస్తే మిగిలే కోవా దాదాపు 200 గ్రాములు. పాలు చెడేది ఆ నీళ్ల వల్లే. కాచి చాలావరకు పోగొడతాం. మిగిలిన తడిని చక్కెర పట్టేసుకుని సూక్ష్మజీవులకు దక్కనివ్వదు. చక్కెర లేని పచ్చికోవా ఎండాకాలం బయట ఒకరోజు ఆగడమే గగనం. చక్కెర పడ్డ బిళ్ల ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

ఎన్నాళ్లు? దుకాణాల్లో విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ‘ఫలానా తేదీలోపు తినాలి’ అని రాసిపెట్టాలని ఆహార భద్రతా సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన తెచ్చింది. ఆ సంస్థ సూచనల్లో కలాకండ్‌కు ఒక్కరోజు, కోవా మిఠాయిలకు నాలుగు రోజులు గడువు. పస్తిల్యాస్‌కు కూడా ఆ నాలుగు రోజుల లెక్కే పెట్టుకోండి. ఫ్రిజ్‌లో ఇంకా ఆగుతాయి కానీ, కొన్నవాళ్లింట్లో ఫ్రిజ్ ఉందో లేదో మనకేం తెలుసు?

అసలు ప్రమాదం కాచేటప్పుడు కాదు, చుట్టేటప్పుడు. చేతికి తెగిన గాయం ఉన్నా, ముక్కు తుడుచుకుని అదే చేత్తో చుట్టినా ఒకరకం సూక్ష్మజీవి కోవాలో చేరి విషం పుట్టిస్తుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. పెళ్లిళ్లలో కోవా తిని వాంతులయ్యాయని వినే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. సబ్బుతో కడిగిన చేతులు, పొడి పళ్లెం తప్పనిసరి. వేడిమీద చుడితే కాగితం లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. బయట కొన్న కోవా మీద అనుమానముంటే కాస్త నీళ్లలో మరిగించి, చల్లారాక ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. నీలంగా మారితే పిండి కలిపినట్టే.

బస్తీలా దారి వేరు. ఫెజ్ నగరంలో పూర్వం పావురం మాంసంతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా కోడి. దాని పొరను ‘వర్ఖా’ అంటారు. అరబ్బీలో ఆకు, కాగితం అని అర్థం. మన మిఠాయిల మీది వెండి వరఖ్ కూడా ఈ మాటే. మెత్తటి తడిపిండి ముద్దను వేడి పెనం మీద అద్ది తీస్తే పల్చటి రేకు మిగులుతుంది. బోర్లించిన కుండమీద తడిగుడ్డతో రేకులు తీసే ఆత్రేయపురం వాళ్లు చూస్తే నవ్వుకుంటారు. అయితే పూతరేకుల్లో మాంసం చుట్టకండి, బియ్యపు రేకు తడికి కరిగిపోతుంది. సమోసా పట్టీలు మేలు.

ఉల్లిపాయ, అల్లం, కుంకుమపువ్వుతో మాంసం ఉడికించి, ఆ పులుసులోనే గుడ్లు కొట్టి, తడి పూర్తిగా ఇగిరేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే రొట్టె అడుగు నానిపోతుంది. మీద వేయించిన బాదంపొడి, చక్కెర, దాల్చినచెక్క. బాదం ధరకు భయపడితే చెనిక్కాయలు ఉండనే ఉన్నాయి. రుచి మారుతుంది, చెడదు. పొరలు మడిచి, ఓవెన్ లేకపోతే పెనంమీద నెయ్యితో సన్నసెగన రెండువైపులా కాల్చాలి.

అమ్మకానికి మాత్రం దీని జోలికి వెళ్లొద్దనే నా సలహా. వండిన మాంసం మామూలుగా రెండు గంటలు, ఎండ మండే రోజుల్లో గంట మించి బయట ఉండకూడదు. బెళుగుప్ప నుంచి బస్సెక్కి, దిగి, దుకాణం చేరేసరికే ఆ గంట అయిపోతుంది. ఇంటికైతే నిక్షేపంగా చేసుకోండి. లోపలి కూరను ముందురోజే వండి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. కాల్చని రొట్టెను డీప్ ఫ్రిజ్‌లో దాచి, కావలసినరోజు నేరుగా కాల్చుకోవచ్చు. కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉన్న ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనం నిలుపుతుంది, అది దాటితే మాంసం పారేయాల్సిందే.

పాలబిళ్లలు అమ్మేముందు ఆహార భద్రతా సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకోండి, ఇంట్లో చేసే చిన్న వ్యాపారానికీ అది కావాలి. మొదటి వారం ఒక్క లీటరుతో మొదలుపెట్టండి. అందులో నాలుగు బిళ్లలు అమ్మకుండా, ఫ్రిజ్‌లో కాకుండా వంటింటి అలమరలోనే ఉంచి రోజుకొకటి విప్పి చూడండి. పుల్లటి వాసన, జిగట, బూజు ఏది ఏరోజు కనిపించినా గడువును అంతకు ముందురోజుకే తగ్గించాలి. ఏదీ కనిపించలేదని మాత్రం నాలుగు రోజులు దాటించొద్దు.