డీజిలే కదా అనుకోవద్దు

‘డీజిలే కదా, అగ్గిపుల్ల వేసినా అంటుకోదు.’ ఈ మాట మన డార్మెటరీల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మంచి డీజిల్ విషయంలో అది చాలావరకు నిజమే. కానీ పాత లారీ ట్యాంకు అడుగున ఉండేది మంచి డీజిల్ కాదు. నీళ్లు, తుప్పు, మడ్డి, ఎవరో ఎప్పుడో పోసిన పెట్రోలో థిన్నరో, అన్నీ కలిసిన కషాయం అది. ‘ఆదివారం ఓవర్‌టైమ్ ఇస్తాం, లారీ ట్యాంకు కడిగెయ్యండి’ అని పైవాళ్లు చెబితే ఆ కషాయం దగ్గరికి పోయేది మనవాళ్లే. అందుకే ఈ వారం ట్యాంకు సంగతి రాస్తున్నాను.

నేను మెకానిక్‌ని కాను. కంపెనీలో లారీల ఇన్‌స్పెక్షన్ తేదీలు, రిపేరు బిల్లులు రాసుకునే గుమాస్తాని. అయితే బిల్లులు చూసేవాడికి కొన్ని సంగతులు బానెట్ ఎత్తకుండానే తెలుస్తాయి. ఒకే లారీకి రెండు నెలల్లో మూడుసార్లు డీజిల్ ఫిల్టరు కొన్నారంటే జబ్బు ఫిల్టరులో లేదు, ట్యాంకులో ఉంది. ఫిల్టరు పాపం దాని పని అది చేస్తోంది.

అసలు ట్యాంకులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? శనివారం సాయంత్రం పావు ట్యాంకు డీజిల్‌తో లారీ నిలబెడతాం. మిగతా ముప్పావు భాగం ఖాళీ కాదు, అందులో సింగపూర్ గాలి ఉంటుంది. ఇక్కడి గాలిలో తేమ ఎంతో మన ఆరని బట్టలను అడిగితే చెబుతాయి. రాత్రి చల్లబడగానే ఆ తేమ ట్యాంకు గోడల మీద చెమటలా పట్టి కిందికి కారుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. మూత రబ్బరు పోయిన లారీ అయితే వాన నీరు కూడా తోడు.

సైటులో నిలబెట్టిన డ్రమ్ములు ఇంకో దారి. పగలు ఎండకు డ్రమ్ము లోపలి గాలి వ్యాకోచించి బిరడా సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి డ్రమ్ము చల్లబడగానే అదే సందులోంచి లోపలికి పీలుస్తుంది. అప్పటికి డ్రమ్ము మూత మీద వాన నీరు నిలిచి ఉంటే, గాలికి బదులు నీళ్లే లోపలికి పోతాయి. బిరడా గట్టిగా బిగించానని స్టోర్‌కీపర్ ఒట్టు వేసినా సరే. డ్రమ్మును రేకు కింద పెట్టాలి. రేకు లేకపోతే పడుకోబెట్టి, రెండు బిరడాలూ పక్కలకు, అంటే గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే చోట ఉండేలా పెట్టాలి. డబ్బు ఖర్చు లేని పని ఇది.

నీరు చేరాక బూజు పడుతుంది. నవ్వకండి, డీజిల్‌కు కూడా బూజు పడుతుంది. నీరు, డీజిల్ కలిసే గీత దగ్గర అది బతుకుతుంది, డీజిల్‌నే తింటుంది. మెకానిక్‌లు దాన్ని డీజిల్ బగ్ అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు అమోర్ఫోథీకా రెసినే, మనకు ఆ పేరుతో పని లేదు. నల్లగా, గోధుమ రంగుగా, చెరువు పాచిలా జారే బంక కనిపిస్తే అదే. దానితో పాటు చేరే సూక్ష్మజీవులు కొన్ని ఆమ్లాన్ని పుట్టించి ట్యాంకు రేకును తినేస్తాయి, కొన్ని కుళ్లిన గుడ్డు వాసన గాలిని పుట్టిస్తాయి. ఆ గాలి గురించి కిందికి మళ్లీ వస్తాను.

డ్రైవర్ అన్నలకు ఒక గుర్తు చెబుతాను. లోడుతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి లాగదు, దగ్గి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. మళ్లీ ఐదారు కిలోమీటర్లకు అదే కథ. ఎందుకంటే ఇంజిన్ పీల్చినప్పుడు మడ్డి వెళ్లి పైపు జల్లెడకు అతుక్కుంటుంది, ఇంజిన్ ఆగగానే రాలి కింద పడుతుంది. పీఐఈ మీద వెనక ఇరవై మందిని కూర్చోబెట్టుకుని ఇలా ఆగితే ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు. అప్పుడు హజార్డ్ లైట్లు వేసి, అందరినీ గార్డ్‌రెయిల్ అవతలికి పంపండి. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆగిన బండిని ఎల్‌టీఏ వారి రికవరీ వాహనం దగ్గరలోని పార్కింగ్ దాకా ఉచితంగా లాగి పెడుతుంది. రోడ్డు మీదే ఫిల్టరు విప్పే సాహసం చేయవద్దు.

ఇక శుభ్రం చేసే పద్ధతి. లారీని ముందు రోజే ఆరుబయట, సమంగా ఉన్న నేల మీద నిలబెట్టాలి. పొద్దున స్టార్ట్ చేయకూడదు. రాత్రంతా కదలకుండా ఉంటే నీరు, మడ్డి అడుగుకు దిగుతాయి. చక్రాలకు అడ్డం పెట్టి, బ్యాటరీ వైరు తీసేయాలి. ట్యాంకు కింద ఇనుప డబ్బా పెట్టి డ్రెయిన్ బోల్టును పానాతో నెమ్మదిగా వదులు చేయాలి. మొదట నీరు, తర్వాత బంక, ఆ తర్వాత డీజిల్ వస్తుంది. కొంచెం గాజు సీసాలో పట్టి అరగంట పక్కన పెడితే ఎంత నీరుందో కంటికే కనిపిస్తుంది. వచ్చింది నీరు మాత్రమే అయితే అంతటితో బతికిపోయాం. వారానికోసారి ఇంత పని చేసే డ్రైవరుకు మిగతా బాధలు చాలావరకు ఉండవు.

బంక వస్తే పూర్తిగా కడగాల్సిందే. ఉన్న డీజిల్‌ను హ్యాండ్ పంపుతో తోడేసి, పైనున్న గేజి ఫ్లోటు విప్పి, పట్టీలు తీసి ట్యాంకును కిందికి దింపుకోవడం మేలు. కొద్దిగా శుభ్రమైన డీజిల్ పోసి కుదిపి పారబోయాలి, తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. తుడవడానికి కాటన్ వేస్టు వాడవద్దు, దాని పోగులు లోపల మిగిలిపోయి కొత్త ఫిల్టరును మూసేస్తాయి. పోగులు ఊడని గుడ్డ కావాలి. లోపల చూడటానికి మొబైల్ లైటు వద్దు, మంటలు పుట్టించని సేఫ్టీ టార్చి అడగండి. నీళ్లతో, ఆవిరితో కడగడం వర్క్‌షాపు వాళ్ల పని. సరిగా ఆరకపోతే మళ్లీ తుప్పే.

బిగించాక ఫిల్టర్లన్నీ కొత్తవి వేయాలి. పాత రకం ఇంజిన్ అయితే ఫిల్టరు పైనున్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి గాలి తీయాలి. కామన్ రెయిల్ ఇంజిన్ అయితే ఆ పైపుల జోలికి పోకండి. నడిచేటప్పుడు అందులో ఒత్తిడి 1,000 బార్ పైనే ఉంటుంది, సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బూజు మందు వేస్తే డబ్బా మీద రాసిన కొలతే వేయాలి. మందుకు చచ్చిన బూజు కొట్టుకొచ్చి ఫిల్టరు మళ్లీ మూసుకుంటుంది కాబట్టి క్యాబిన్‌లో ఒక ఫిల్టరు అదనంగా ఉంచుకోండి.

ఇంతవరకు చెప్పింది బండి బాగు గురించి. ఇప్పుడు మనిషి సంగతి.

డీజిల్ ఆవిరి అంటుకోవాలంటే డీజిల్ సుమారు 55 డిగ్రీల పైన వేడెక్కాలి. సింగపూర్ ఎండ 32, 33 డిగ్రీలు. మనవాళ్ల ధైర్యం అంతా ఈ తేడా మీదే. కానీ పెట్రోలు ఆవిరి సున్నా కంటే బాగా కింద, మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకుంటుంది. ట్యాంకులో బంక వదలడం లేదని లీటరు పెట్రోలో థిన్నరో పోసి కుదిపితే, ఆ క్షణం నుంచి అది డీజిల్ ట్యాంకు కాదు, బాంబు. పారబోశాక ఇంకా ప్రమాదం, ఎందుకంటే నిండు ట్యాంకులో ఆవిరికి చోటుండదు, ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే. చిల్లు పడిందని దాని మీద వెల్డింగ్ పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. మంచి డీజిల్ ఉన్న ట్యాంకు కూడా వెల్డింగ్ వేడికి 55 దాటడానికి ఎంతో సేపు పట్టదు.

ఊహించుకోమన్నాను గానీ, ఈ దేశంలో జరిగినదే ఉంది. షిప్‌యార్డుల్లో పనిచేసే శ్రీకాకుళం తమ్ముళ్లలో కొందరు ఆ పేరు విని ఉంటారు: స్పైరోస్. గ్రీకు దేశపు ఆయిల్ ట్యాంకర్ ఓడ. 1978 అక్టోబర్ 12న జురాంగ్ షిప్‌యార్డులో రిపేరుకు నిలిచి ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యి అందరూ మళ్లీ పనిలో దిగారు. రెండు దాటిన కాసేపటికి పేలుడు. 76 మంది చనిపోయారు. యుద్ధకాలం తర్వాత సింగపూర్‌లో జరిగిన పారిశ్రామిక ప్రమాదాల్లో ఇంత పెద్దది మరొకటి లేదు. విచారణలో తేలిందేమిటంటే, గ్యాస్ కటింగ్ నిప్పురవ్వలు ఓడ సొంత ఇంధనం ఉండే ట్యాంకులోని ఆవిరికి అంటుకున్నాయి. ఓడ ఇంజిన్ వాడే ఆ నూనె మామూలుగా అంత తేలిగ్గా అంటుకునే రకం కాదు. కానీ అందులో ముడి చమురు కలిసిపోయి ఉంది. ‘ఇది ఫలానా నూనె ట్యాంకు, ఫర్వాలేదు’ అనే నమ్మకం పేరును బట్టి పెట్టుకున్నది. లోపల ఉన్నది వేరు. మన లారీ ట్యాంకు ఆ ఓడ ముందు చెంబెడు, నిజమే. పక్కన నిలబడి వెల్డింగ్ చేసే ఒక్క మనిషికి ఆ చెంబు చాలు.

మన పల్లెల్లో కిరోసిన్ కలిపిన డీజిల్‌తో ట్రాక్టర్లు నడిపిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కిరోసిన్ కూడా డీజిల్ కంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. ‘మా ఊళ్లో ఏం కాలేదు’ అనే అనుభవాన్ని ఇక్కడికి మోసుకు రాకండి.

రెండో అలవాటు, పైపు నోట్లో పెట్టి డీజిల్ పీల్చడం. ఇది నాకు వెల్డింగ్ కంటే ఎక్కువ భయం, ఎందుకంటే అందరూ చేస్తారు. ఒక్క గుక్క పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. దగ్గు, జ్వరం, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలు కావచ్చు. మింగినవాడికి వాంతి చేయించవద్దు. వాంతిలో వచ్చే డీజిల్ మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. 995కి ఫోన్ చేసి, డాక్టరుకు ‘డీజిల్’ అనే మాట స్పష్టంగా చెప్పండి. హ్యాండ్ పంపు ఖరీదు ఆసుపత్రి బిల్లు ముందు ఏపాటిది?

మూడోది, మనిషి దిగేంత పెద్ద ట్యాంకులు. లారీ ట్యాంకులో ఎవరూ దిగరు గానీ, సైటుకు డీజిల్ తెచ్చే బౌజరులో, నిల్వ ట్యాంకులో దిగమంటారు. ఇందాక చెప్పిన కుళ్లిన గుడ్డు గాలి, హైడ్రోజన్ సల్ఫైడ్, ఇలాంటి మడ్డిలో ఉండవచ్చు. ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడం మానేస్తుంది, కాబట్టి వాసన లేదంటే గాలి లేదని కాదు. 2024 మే 23న చోవా చు కాంగ్ నీటి శుద్ధి కేంద్రంలో ట్యాంకు శుభ్రం చేసే పనికి వెళ్లిన మన దేశపు కార్మికుడు ఈ గాలికే ప్రాణం పోగొట్టుకున్నాడు. అది డీజిల్ ట్యాంకు కాదు, గాలి మాత్రం అదే. మన ఊళ్లలో బావి పూడిక తీసే ముందు లాంతరు దించి చూసేవారు. డీజిల్ ట్యాంకులో ఆ పరీక్ష చేస్తే లాంతరూ మిగలదు, మనమూ మిగలం. 2009 నుంచి ఇక్కడ దీనికి విడిగా నిబంధనలున్నాయి. మీటరుతో గాలి పరీక్షించాలి, ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి, పర్మిట్ రాయాలి, బయట ఒక మనిషి కాపలా ఉండాలి. లోపలివాడు పడిపోతే కాపలావాడు దూకకూడదు. ఇవేవీ లేకుండా దిగమంటే ‘పర్మిట్ ఎక్కడ?’ అని ఒక్క ప్రశ్న అడగండి.

తీసిన మడ్డిని కాలువలో పోయకండి. ఈ దేశంలో వాన కాలువల నీరు చాలావరకు రిజర్వాయర్లకు చేరుతుంది. పైగా పోసిన చెయ్యి మనదవుతుంది, ఆర్డరు వేసిన నోరు కనిపించదు. డ్రమ్ములో పట్టి మూత పెట్టి, లైసెన్సు ఉన్న వ్యర్థాల కంపెనీకి ఇప్పించమని ఆఫీసులో చెప్పండి.

చివరగా డ్రైవర్లు నన్ను ఎక్కువగా అడిగేది: ‘డీజిల్ చెడిపోయి పంపు పోయింది, జీతంలో కోస్తామంటున్నారు, కోయవచ్చా?’ ట్యాంకులో చెమట పట్టడం డ్రైవరు తప్పు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. చట్టం ప్రకారం నష్టానికి కోత వేయాలంటే ముందు విచారణ జరగాలి, మీ వాదన వినాలి, తప్పు మీదేనని తేలాలి. అప్పుడు కూడా ఒక నెల జీతంలో 25 శాతం మించకూడదు, అదీ ఒక్కసారే. నెలనెలా కొంచెం కొంచెం కోయడానికి లేదు. అందుకే నీళ్లు తీసిన ప్రతిసారీ తేదీ వేసి లారీ లాగ్‌బుక్‌లో రాయండి, బంక కనిపిస్తే ఫోటో తీసి సూపర్‌వైజరుకు వాట్సాప్‌లో పంపండి. కోత వేశారంటే ఆ ఫోటోలు, జీతం స్లిప్పు పట్టుకుని మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కు వెళ్లవచ్చు. వాళ్ల ఫోన్ 6536 2692, రాత్రయినా ఎత్తుతారు.