మధ్యలో పడ్డ సొమ్ము

శ్రీకూర్మం: ఈ పరిసరాల ధాన్యం బేరాల్లో గాని, పలాస జీడి బేరాల్లో గాని బాగా దెబ్బతినేది ధర తెలియనివారు కాదు, పెట్టిన సొమ్మును మరువలేనివారు. పేకాటలోనూ ఇదే జబ్బు.

1967లో సికిందరాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నది. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవలసి రావడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. మూడుముక్కలాట మాత్రం కేవలం అదృష్టమన్నది.

పోకరులో అదృష్టంతో పాటు లెక్క కూడా ఉంది. మధ్యలో 300 రూపాయలుండి, ఆటలో నిలవడానికి 100 వేయాల్సివస్తే, నాలుగింట ఒకసారి గెలిచేవానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. అంతకన్న తక్కువ ఆశ ఉంటే ముక్కలు దించడమే మేలు. ఆ 300లో తానెంత వేశాడన్నది లెక్కలోకి రాదు.

ఎదుటివాని ముఖం కన్న అలవాటు గమనించాలి. ఎప్పుడూ అణిగి ఆడేవాడు హఠాత్తుగా పెంచితే జాగ్రత్త పడాలి. ప్రతిసారీ పెంచేవాని పెంపుకు విలువ తక్కువ. బజారులోనూ రోజూ ధర కేకలేసేవాని కన్న, మాట్లాడకుండా బస్తాలు ఎత్తించేవాని కదలికే అసలు ధోరణి తెలుపుతుంది.

దిగిన ధరకు మరికొంత కొని సరాసరి తగ్గించుకుందామనేవారు ముందుగా ఆలోచించాలి. పాత నిలవ లేకుంటే, నేడు ఈ ధరకు కొందురా? కొనమంటే, కొత్త సొమ్ము పాత సొమ్మును వెదకబోతున్నట్టే. అది అప్పు సొమ్మయితే వడ్డీ కూడా పందెంలో ఉన్నట్టే.