పండ్లు పంచే చేతులకు జీతమివ్వడం చేతకాదా?

నాయకుడి పుట్టినరోజు వస్తే చాలు, ప్రొద్దుటూరు నుంచి మా పెండ్లిమర్రి దాకా ఒకటే హడావిడి. ఆటిజం ఉన్న పిల్లల చేతుల్లో అరటిపండూ బ్రెడ్డూ పెట్టి ఫోటో దిగుతారు. ఆ పిల్లోడికి పాతికేళ్లొచ్చాక ఏం చేస్తున్నాడని ఆ ఫోటోలోని ఒక్క పెద్దమనిషైనా అడిగినాడా? అడగడు. అడిగితే పనివ్వాల్సి వస్తుంది.

చట్టం లేదని తప్పించుకోవద్దు. 1995 వికలాంగుల చట్టం ఆటిజాన్ని వదిలేసింది. 2016 చట్టం 21 వైకల్యాల్లో దాన్ని చేర్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సర్కారు కొలువుల్లో 4 శాతం వికలాంగులకు ఇచ్చి, అందులో ఒకే ఒక్క శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివి ఉన్నవాళ్లంతా కలిసి పంచుకోమన్నారు. అదైనా నిజాయితీగా నింపుతున్నారా?

20 మంది, అంతకుమించి పనిచేసే ప్రైవేటు సంస్థ వికలాంగులకు తగిన పోస్టులేవో, ఇచ్చే సదుపాయాలేవో రాసి ప్రకటించాలి. షోరూము యజమానీ, నీ గోడమీద లక్ష్మీదేవి పటం ఉంది. ఆ కాగితం యాడుంది?

"కళ్లలోకి చూసి మాట్లాడరు సార్" అంటావు. గోడౌన్లో స్టాకు సర్దే మనిషికి కళ్లలోకి చూసే పనేంది? వీళ్లంతా లెక్కల్లో మేధావులని నేను చెప్పను. కొందరికి మాటలే రావు, కొందరు రెండు గంటలకు మించి చేయలేరు. ఆ రెండు గంటల పనే ఇవ్వు. మాటకారితనాన్ని కాదు, పనిని చూసి తీసుకో.

తీసుకుంటే సరిపోదు, నిలబెట్టాల. పూటకో మాట చెప్పే సూపర్‌వైజరు, చెప్పకుండా మార్చే షిఫ్టు, చెవులు పగిలే మైకు కలిసి నెల తిరక్కుండానే తరిమేస్తాయి. పని కాగితమ్మీద రాసివ్వు. మార్పుంటే ముందురోజే చెప్పు. సందేహమొస్తే అడిగేందుకు ఒక్క మనిషిని చూపించు. పక్కనుండి నేర్పే జాబ్ కోచ్‌ను రానివ్వు. దీనికి నీ దుకాణం దివాలా తీయదు.

ప్రభుత్వమా, ఆటిజం తీవ్రతను కొలిచే ఐసా స్కేలు తయారైంది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే. కొలిచి, సర్టిఫికెట్టిచ్చి, 6,000 పింఛనుతో ఇంట్లో కూర్చోబెడితే బాధ్యత తీరిందా? పింఛను హక్కే, పనికి బదులు కాదు. ప్రైవేటులో కనీసం 5 శాతం కొలువులు వికలాంగులకు దక్కేలా ప్రోత్సాహకాలివ్వాలని 2016 చట్టంలోని 35వ సెక్షన్ చెప్తోంది. కొప్పర్తి పారిశ్రామికవాడలో రాయితీలడిగే ప్రతి కంపెనీనీ ఆ లెక్క అడుగు.

కోపమొచ్చిందా? రానీ. ఒక్కరికి పనిచ్చి, ఏడాది నిలబెట్టి, అప్పుడొచ్చి నన్ను తిట్టు. పడతా.